లెడ్ నైట్రేట్ ద్రావణం తెల్లబడుతోందా? ముందు వాష్ బాటిల్ చూడండి

ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడగానే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. "సార్, లెడ్ నైట్రేట్ కలిపితే బియ్యం కడిగిన నీళ్లలా అయింది. సాల్ట్ పాడైపోయిందా?" పాడవలేదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు నీళ్లదే. ఆ మాట చెప్పగానే "మేం డిస్టిల్డ్ వాటరే వాడాం సార్" అని గట్టిగా అంటారు. అలా అన్నవాళ్ల మాట నేనూ నమ్మి దెబ్బతిన్నవాడినే.

లక్షణం: కలిపిన వెంటనే, లేదా ఫ్లాస్కు మెడ మీది గీత వరకు నీళ్లు పోయగానే తెల్లమబ్బు

లెడ్ అంటే సీసం. సీసం అయాన్లు సల్ఫేట్‌నీ, కార్బొనేట్‌నీ చూస్తే ఊరుకోవు, ఇసుమంత ఉన్నా తెల్లగా దిగిపోతాయి. మన బోరు నీళ్లలో ఈ రెంటికీ కొదవ లేదు. పటిక వేసి తేర్చిన కుళాయి నీళ్లలోనూ సల్ఫేట్ ఉంటుంది. క్లోరైడ్ సంగతి వేరు. 0.1 మోలార్ (100 మిల్లీలీటర్లకు 3.31 గ్రాములు) లెడ్ నైట్రేట్‌లో క్లోరైడ్ వల్ల తెల్లబడాలంటే లీటరు నీళ్లలో అది దాదాపు అర గ్రాము ఉండాలి. కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పు బోర్లయితే ఆ లెక్క దాటడం కష్టమేమీ కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉన్న కనిగిరి నుంచి ఫోన్ చేసేవాళ్లు మాత్రం ముందు ఫ్లోరైడ్‌ని అనుమానిస్తారు. ఇదే ద్రావణం ఫ్లోరైడ్‌తో మబ్బు పట్టాలంటే లీటరుకు పది మిల్లీగ్రాములు దాటాలి, అంత ఉండటం అరుదు, కాబట్టి దాన్ని వదిలేయండి.

ఏది కారణమో రెండు నిమిషాల్లో తేలుతుంది. మబ్బు పట్టిన ద్రావణం కొంచెం పరీక్షనాళికలో తీసుకుని రెండు చుక్కలు సజల నత్రికామ్లం వేయండి. తేటపడితే కార్బొనేట్. తేటపడకపోతే వేడి చేయండి. వేడికి కరిగి, చల్లారాక సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు మళ్లీ కనిపిస్తే క్లోరైడ్. నీళ్లలో ఉప్పు లేకపోతే, ముందు బ్యాచ్ పిల్లలు హైడ్రోక్లోరికామ్లం వాడి సరిగ్గా కడగని నాళిక అది. ఆమ్లానికీ వేడికీ దేనికీ లొంగకపోతే సల్ఫేట్.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. ఒంగోలులో ఒక కాలేజీలో, పరీక్షకు ముందు రోజు సాయంత్రం, 3.31 గ్రాములు తూచి 100 మిల్లీలీటర్లకు చేశాను. తెల్లబడింది. ఫ్లాస్కు కడిగి మళ్లీ చేశాను. మళ్లీ అదే. డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌లో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు చూపేది) పెడితే 1 చూపించింది. నీళ్లు బాగున్నాయి, ఫ్లాస్కు బాగుంది, ఇక సాల్టే దొంగ అని తేల్చేసి కొత్త సీసా కోసం ఊరంతా తిరిగాను. కొత్త సీసా సీలు తీసి కలిపాను. మూడోసారీ తెల్లగానే!

అప్పుడు ఫ్లాస్కు ముందు కూర్చుని ఒక్కో అడుగూ నిదానంగా చేశాను. బీకరులో ఆ డిస్టిల్డ్ క్యాన్ నీళ్లు పోసి కరిగిస్తే అద్దంలా ఉంది. ఫ్లాస్కులోకి ఒంపాను, అప్పుడూ తేటగానే ఉంది. గీత దగ్గర చివరి కాసిని నీళ్లు వాష్ బాటిల్‌తో (నొక్కితే సన్నని ధార వచ్చే ప్లాస్టిక్ సీసా) కొట్టాను. ఆ సన్నని ధార తగిలిన చోట పొగలాంటి తెల్లటి తీగ ఒకటి మెలికలు తిరుగుతూ కిందికి దిగింది. మూడుసార్లూ అది నా కళ్ల ముందే జరిగి ఉంటుంది, నేను గీత వంక చూస్తూ దాన్ని చూడలేదు.

అటెండర్‌ని పిలిచి వాష్ బాటిల్‌లో ఏ నీళ్లు పోశావని అడిగాను. "స్టోరుకి తాళం వేసుంది సార్, అందుకని మంచినీళ్లే పోశాను గదా" అన్నాడు. ఆయన తప్పేముంది? వాటర్ ప్లాంట్ నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు మన దగ్గర మంచినీళ్లే. తాగడానికి మంచివే, సీసానికి మాత్రం పనికిరావు. ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎంతోకొంత మిగిలే ఉంటుంది, అది సీసంతో కార్బొనేట్‌గా దిగుతుంది.

అందుకే చూడాల్సింది డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌ని కాదు, చివరగా ద్రావణంలో పడే నీళ్లని. వాష్ బాటిల్ నుంచే 5 మిల్లీలీటర్లు శుభ్రమైన నాళికలో కొట్టి, తేటగా ఉన్న లెడ్ నైట్రేట్ ఒక చుక్క వేసి, వెనక నల్లకాగితం పెట్టి చూడండి. మబ్బు పడితే ఆ నీళ్లు సీసానికి పనికిరావు. ఇన్వర్టర్ బ్యాటరీలకు అమ్మే నీళ్లు చాలావరకు పనికొస్తాయి, కానీ ప్రతి క్యాన్‌కీ ఈ చుక్క పరీక్ష చేయాల్సిందే. మబ్బు పట్టిన వాష్ బాటిల్‌ని ఖాళీ చేస్తే చాలదు. లోపలి గొట్టంలో కూడా డిస్టిల్డ్ వాటర్ నాలుగుసార్లు పోనివ్వాలి.

లక్షణం: లెడ్ ఎసిటేట్ తయారు చేసిన రోజు తేటగా ఉండి, తర్వాత మసకబారింది

ఇది వేరే జబ్బు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. కొన్ని చుక్కలు ఎసిటికామ్లం వేస్తే తేరుకుంటుంది. మూత బిగించి పెట్టండి.

లక్షణం: పసుపు అవక్షేపం వస్తోంది గానీ బంగారు రేకులు రావడం లేదు

లెడ్ నైట్రేట్‌నీ పొటాషియం అయొడైడ్‌నీ కలిపి లెడ్ అయొడైడ్ చేసే ప్రయోగంలో వచ్చే తంటా ఇది. గాఢత ఎక్కువైంది. లెడ్ అయొడైడ్ చల్లటి నీళ్లలో దాదాపు కరగదు, మరిగే నీళ్లలో కూడా 100 మిల్లీలీటర్లకు 0.4 గ్రాముల చిల్లరే. 0.1 మోలార్ ద్రావణాలు కలిపి ఎంత మరగబెట్టినా ముద్ద ముద్దగానే ఉంటుంది. లెడ్ నైట్రేట్ 0.33 గ్రాములు 100 మిల్లీలీటర్లలో, పొటాషియం అయొడైడ్ కూడా 0.33 గ్రాములే ఇంకో 100లో కరిగించండి. రెండూ సమానంగా కలిపి, ఒక చుక్క ఎసిటికామ్లం వేసి, పసుపు పూర్తిగా పోయేదాకా వేడి చేయండి. ఆ తర్వాత కదపకుండా వదిలేయండి. ఐసులో పెడితే రేకులు కాదు, పొడి వస్తుంది. అయొడైడ్ ఎక్కువ వేస్తే రంగు బాగా వస్తుందనుకోకండి, మరీ ఎక్కువైతే వచ్చిన అవక్షేపమే కరిగిపోతుంది.

లక్షణం: లెడ్ నైట్రేట్ వేడి చేస్తుంటే చిటపటమని ఎగిరిపడుతోంది

స్ఫటికాలు పగిలే చప్పుడు అది, సహజమే. కొంచెమే తీసుకుని సన్నని సెగ మీద మెల్లగా వేడి చేయండి. ఎగరకుండా ఉంటుందని రోట్లో నూరేవాళ్లున్నారు, ఆ పని మాత్రం వద్దు. సీసం ఒంట్లోకి పోయేది ముఖ్యంగా దుమ్ముగానూ, చేతి నుంచి నోటికీ. గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్, ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగేసే గూడు) లేకపోతే పిల్లలతో చేయించకండి. పసుపుగా మిగిలిన లెడ్ ఆక్సైడ్ గాజుకి అతుక్కుంటుంది, ఆ నాళికను మళ్లీ వాడొద్దు.

సాల్టే కల్తీ కావడం, వడపోత కాగితం తేడా, ఇలాంటివి ఇన్నేళ్లలో ఒకటో రెండో చూశాను. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

పాడైన ద్రావణాన్ని సింకులో పోయకండి. నేను పాడుచేసినవన్నీ "సీసం వ్యర్థం" అని రాసిన మూతజాడీలోకే వెళ్లాయి. వాషింగ్ సోడా వేస్తే సీసం చాలావరకు తెల్లగా అడుగుకు దిగుతుంది. పై నీళ్లు తేటగా ఉన్నాయని ఒంపేయకూడదు, అందులోనూ కొంత మిగిలే ఉంటుంది. జాడీ నిండాక పొల్యూషన్ బోర్డు అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. బల్ల మీద ఒలికితే చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కూడా అదే వ్యర్థంలో వేయండి. గ్లవ్స్ తీశాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ.