సల్ఫేటు ఎక్కువగా ఉన్న వ్యర్థజలాన్ని అవాయు రియాక్టర్‌లో నడపడం ఎలా?

కోరింగ మడ అడవుల్లో పాయ పక్కన బురదను జానెడు లోతు తవ్వితే, పైనున్న గోధుమరంగు పొర కింద నల్లటి బురద బయటపడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడుది, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది కాబట్టి, ఆక్సిజన్ అందని ఆ బురదలో కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేటుతోనే శ్వాసిస్తూ ఆకులూ అలములూ కుళ్లగా వచ్చిన పదార్థాన్ని తిని బతుకుతాయి. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయెరింక్ 1895లో గుర్తించిన ఈ జీవులే డిస్టిలరీ స్పెంట్‌వాష్ (సారా తీశాక మిగిలే వ్యర్థజలం), తోళ్ల శుద్ధి, మందుల పరిశ్రమల నీటిని శుద్ధి చేసే అవాయు రియాక్టర్లలోనూ, అంటే గాలి తగలకుండా బ్యాక్టీరియా వ్యర్థాన్ని మీథేన్ ఉన్న బయోగ్యాసుగా మార్చే ట్యాంకుల్లోనూ చేరతాయి. వాటిని ఎవరూ తెచ్చి వేయనక్కర లేదు. సల్ఫేటు ఉంటే చాలు, అవే పెరుగుతాయి.

రియాక్టర్‌ను నడిపేవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ జీవుల లెక్క. సల్ఫేటు తనంతట తాను సులువుగా చర్య జరపదు. అందుకే కణం మొదట తన శక్తి అణువైన ఏటీపీని ఖర్చుచేసి దానిని క్రియాశీలం చేసి, తరువాత సల్ఫైటుగా, చివరికి సల్ఫైడుగా మారుస్తుంది. ఈ మొత్తం మార్పుకు ఒక్కో సల్ఫేటు 8 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, అవి నీటిలోని సేంద్రియ పదార్థం నుంచే రావాలి. ఆ లెక్కన 96 గ్రాముల సల్ఫేటు 64 గ్రాముల సీవోడీని (నీటిలోని పదార్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) వాడుకుని 32 గ్రాముల గంధకాన్ని సల్ఫైడు రూపంలో ఇస్తుంది. అంటే ఒక గ్రాము సల్ఫేటుకు 0.67 గ్రాము సీవోడీ ఖర్చు, మూడోవంతు గ్రాము సల్ఫైడు గంధకం రాబడి.

కాబట్టి రియాక్టర్‌లోకి వెళ్లే నీటి సీవోడీని కొలిచిన ప్రతిసారీ అదే నమూనాలో సల్ఫేటునూ కొలిపించాలి. ఉదాహరణకు సీవోడీ లీటరుకు 9,000 మిల్లీగ్రాములు, సల్ఫేటు 1,500 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. సల్ఫేటంతా మారితే 1,000 మిల్లీగ్రాముల సీవోడీ మీథేన్‌కు దక్కకుండా పోతుంది, 500 మిల్లీగ్రాముల సల్ఫైడు గంధకం పుడుతుంది. సీవోడీని సల్ఫేటుతో భాగిస్తే వచ్చే అంకె 10కి పైన ఉన్నప్పుడు పుష్కలంగా వచ్చే బయోగ్యాసే సల్ఫైడును చాలావరకు నీటి నుంచి తనతో లాక్కుపోతుంది, రియాక్టర్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. మన ఉదాహరణలో ఆ అంకె 6 మాత్రమే కాబట్టి జాగ్రత్త అవసరం. అది 0.67 కన్నా తగ్గితే సల్ఫేటు మొత్తాన్ని తగ్గించడానికి తగినంత ఆహారమే ఉండదు.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. నీటిలో మిగిలిన సల్ఫైడు సీవోడీ పరీక్షలో మళ్లీ సీవోడీగానే కనిపిస్తుంది, ఒక గ్రాము సల్ఫైడు గంధకానికి 2 గ్రాముల చొప్పున. పై 500 మిల్లీగ్రాములూ నీటిలోనే నిలిచిపోతే ఖర్చయిన 1,000 మిల్లీగ్రాముల సీవోడీ తిరిగి లెక్కలోకి వచ్చేస్తుంది. బ్యాక్టీరియా సరిగానే పనిచేస్తున్నా, రియాక్టర్ పాడైందని భావించి కొత్త స్లడ్జ్ (బ్యాక్టీరియా ఉన్న మడ్డి) తెప్పించడం వృథా ఖర్చు. నమూనాలో కొంత భాగాన్ని ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించి, ఫ్యూమ్ హుడ్ (విషవాయువును బయటికి లాగే గూడు) కింద నైట్రోజన్ పంపి సల్ఫైడును వెళ్లగొట్టిన తరువాత సీవోడీ చూస్తే సేంద్రియ పదార్థం వాటా ఎంతో తెలుస్తుంది. సల్ఫైడును కొలవడానికి మాత్రం వేరే సీసాలో జింక్ అసిటేటు, సోడియం హైడ్రాక్సైడు ముందే వేసి, గాలి బుడగ మిగలకుండా నింపి ప్రయోగశాలకు పంపాలి. లేకపోతే అది దారిలోనే ఆవిరై పోతుంది.

పీహెచ్‌ను ప్రతిరోజూ చూడాలి. మీథేన్ చేసే జీవులకు ఎక్కువ హాని చేసేది కణంలోకి సులువుగా చొరబడే హైడ్రోజన్ సల్ఫైడు రూపమే. పీహెచ్ 7 దగ్గర నీటిలో కరిగిన సల్ఫైడులో దాదాపు సగం ఆ రూపంలో ఉంటే, 8 దగ్గర అది పదో వంతుకు పడిపోతుంది. అందువల్ల 7.5 చుట్టుపక్కల నడపడం మేలు. సల్ఫేటు తగ్గేకొద్దీ క్షారత్వం పెరుగుతుంది కాబట్టి, ఈ పనికి అదనంగా సున్నమో సోడానో ఎంత కావాలో కొలిచి చూశాకే వేయాలి.

సమస్య తేలాక మొదట వెతకవలసింది సల్ఫేటు ఎక్కడి నుంచి వస్తోందన్నదే. నీటి పీహెచ్ సరిచేయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లమో, మడ్డిని కూర్చోబెట్టడానికి పటికో రియాక్టర్‌కు ముందు వాడుతుంటే, ఆ సల్ఫేటును మనమే చేర్చుతున్నామన్నమాట. అక్కడ మార్చగలిగితే అంతకన్నా చవకైన పరిష్కారం లేదు. ఆ తరువాతి మార్గం ఇనుప లవణాలు. ఒక గ్రాము సల్ఫైడు గంధకాన్ని ఐరన్ సల్ఫైడుగా పట్టి ఉంచడానికి సుమారు 1.75 గ్రాముల ఇనుము కావాలి, పైగా స్లడ్జ్ బరువెక్కుతుంది. కాబట్టి మిగిలిన కొద్ది సల్ఫైడు కోసమే దీన్ని వాడాలని నా అభిప్రాయం. బయోగ్యాసు పరిమాణంలో 2 నుంచి 6 శాతం గాలిని గ్యాసు గదిలోకి పంపితే వేరే బ్యాక్టీరియా సల్ఫైడును పసుపుపచ్చని గంధకంగా మారుస్తాయి. అయితే గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది కనుక, గాలి మోతాదుకు కొలమానం, ఆక్సిజన్ పరిమితి దాటగానే ఆపేసే ఏర్పాటు లేకుండా ఈ పనికి పూనుకోకూడదు.

సల్ఫైడు కావాలనే తయారుచేసుకునే చోట్లూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని బుడెల్ జింకు కర్మాగారం 1992 నుంచి కలుషిత భూగర్భజలంలోని సల్ఫేటును ఇలా తగ్గించి, పుట్టిన సల్ఫైడుతోనే జింకును జింక్ సల్ఫైడుగా కూర్చోబెట్టింది. మరుగుదొడ్లకు సముద్రపు నీరు వాడే హాంకాంగ్‌లో పరిశోధకులు ఆ నీటిలోని సల్ఫేటుతోనే మురుగును శుద్ధి చేసే పద్ధతి రూపొందించారు, అందులో మిగులు స్లడ్జ్ చాలా తక్కువ.

ఏ పద్ధతి ఎంచుకున్నా ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి, పంపు గుంటలోకి ఎవరినీ నేరుగా దించకూడదు. హైడ్రోజన్ సల్ఫైడు గాలి కన్నా బరువైనది, గుంటల్లో నిలిచిపోతుంది. గాలిలో సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దగ్గర ముక్కు వాసనను పసిగట్టడం మానేస్తుంది, కాబట్టి వాసన తగ్గిందంటే గ్యాసు తగ్గిందని అర్థం కాదు. 500 పీపీఎం దాటితే కొద్దిసేపట్లోనే మనిషి స్పృహ తప్పి ప్రాణం పోవచ్చు. పడిపోయినవారిని కాపాడదామని వెంటనే దిగినవారు కూడా ఇలాగే చనిపోతున్నారు. బయటి నుంచే గ్యాసు డిటెక్టర్‌ను తాడుతో దింపి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. లోపలికి వెళ్లక తప్పని మరమ్మతు అయితే ట్యాంకును ఖాళీ చేసి, బ్లోయర్‌తో గాలి ఆడించి, మళ్లీ కొలిచి, గాలి సరఫరా ఉన్న మాస్కు, ఒంటినంతా పట్టి ఉంచే హార్నెస్ బెల్టు, పైన కాపలా మనిషి, పైకి లాగే ట్రైపాడ్ ఉన్నప్పుడే శిక్షణ పొందినవారిని పంపాలి.