ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు ఆరడం లేదా? మాడ్యూల్ మార్చే ముందు ఇవి చూసుకోండి

గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్, చక్రం జారకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్. తాళం తిప్పగానే మీటర్‌లో ఏబీఎస్ లైటు, జారుతున్న కారు బొమ్మ ఉన్న ట్రాక్షన్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోవడం మామూలే. సిస్టమ్ తనను తాను పరీక్షించుకుంటుందన్నమాట. ఆరకుండా నిలిచిపోయినా, దారి మధ్యలో వెలిగినా ఎక్కడో లోపం ఉన్నట్టు. ఏ పార్టు పోయిందో మాత్రం ఆ లైటు చెప్పదు. "నేను పనిచేయడం మానేశాను" అని మాత్రమే చెబుతుంది. మెకానిక్ నోట "మాడ్యూల్ (ఏబీఎస్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె) పోయింది సార్" అన్న మాట వినగానే పర్సు తీయొద్దు.

ముందు ఏ లైటో చూడండి. ఎర్రటి బ్రేక్ లైటు, పసుపు ఏబీఎస్ లైటు కలిసి వెలిగితే బండి పక్కకు ఆపండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో, బ్రేక్ ఆయిల్ డబ్బాలో గీత కంటే తగ్గిందేమో చూడండి. తగ్గితే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో లీకవుతూ ఉండాలి. ఆయిల్ పోసి వెళ్లిపోవడం మందు కాదు. కారణం తేలేదాకా బండి నడపొద్దు.

పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు కాబట్టి, వాన రోడ్డు మీద ముందు బండికి దూరం పాటిస్తూ నెమ్మదిగా మెకానిక్ దాకా వెళ్లొచ్చు. ట్రాక్షన్ లైటు మిణుకుమిణుకుమంటే లోపం కాదు, జారుడు నేల మీద అది పని చేస్తోంది. పక్కన 'ఆఫ్' అని ఉంటే ఎవరో బటన్ నొక్కి ఉంటారు (మా ఇంట్లో పిల్లల పని). చెక్ ఇంజన్ లైటు కూడా ఉంటే ముందు ఇంజన్ సంగతి చూడాలి. చక్రం జారినప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ జోరు తగ్గిస్తుంది. ఇంజన్‌లో లోపం ఉంటే ఆ పని కుదరదు కాబట్టి చాలా కార్లలో అది తప్పుకుంటుంది.

ఖర్చు లేనివి ముందు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు సుమారు 14 దగ్గర ఉండాలి. బ్యాటరీ నీరసపడినా ఈ లైట్లు వెలుగుతాయి. ఏబీఎస్ ఫ్యూజు, నాలుగు టైర్ల సైజు, గాలి చూడండి.

తర్వాత స్కానింగ్, అంటే కారు కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లను స్కానర్‌తో చదవడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చవగ్గా దొరికే బ్లూటూత్ స్కానర్లలో చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. ఏబీఎస్ కోడ్లు ఎక్కువగా 'సి' అక్షరంతో మొదలవుతాయి, అవి చదివే స్కానర్ కావాలి. చెరిపేయకముందే కోడ్ రాసుకోండి. ఉదాహరణకు చాలా కార్లలో సి0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సార్ (చక్రం వేగం కొలిచేది) సర్క్యూట్. ఎడమ అంటే సీట్లో కూర్చున్నప్పుడు మన ఎడమ. ఏబీఎస్, ట్రాక్షన్ రెండూ ఆ నాలుగు చక్రాల సెన్సార్లనే నమ్ముకుంటాయి, అందుకే ఒక్కటి మొరాయించినా రెండు లైట్లూ వెలుగుతాయి. కోడ్‌తో తేలకపోతే ఖాళీ రోడ్డు మీద ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగంతో తిన్నగా వెళ్తూ, నాలుగు చక్రాల వేగాలను పక్క సీట్లోవారిని స్కానర్‌లో చూడమనండి. ఏది సున్నా చూపిస్తే, ఏది తడబడితే ఆ చక్రమే దొంగ.

ఆ చక్రం దగ్గరికి. గట్టి నేల మీద మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాక్‌తో ఎత్తి, స్టాండు పెట్టాకే చేయి పెట్టండి. వైరును మొదటి నుంచి చివరి దాకా తడుముతూ చూడండి. ఎలుకలు కొరికిన చోటు, స్టీరింగ్ తిప్పినప్పుడు లాగుడు పడే చోటు, తుప్పు పట్టిన కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు). దమ్ము చేసిన పొలం దారుల్లో తిరిగే కార్లకు సెన్సార్ చుట్టూ బురద గట్టిపడి ఉంటుంది. సెన్సార్ కొసన ఇనుప రజను అంటుకుంటే తుడవండి. సెన్సార్ ఎదురుగా తిరిగే పళ్ల చక్రం ఉంటే పగులు చూడండి. పొడి రోడ్డు మీద, ఆగబోయే ముందు బ్రేక్ పెడల్ గరగరమంటే అనుమానం దాని మీదే.

పాతరకం సెన్సార్‌ను మల్టీమీటర్‌తో కొలవొచ్చు. రెండో వైపు సెన్సార్‌కూ దీనికీ ఓమ్‌లలో పెద్ద తేడా ఉండకూడదు. కొత్తరకం వాటిని అలా కొలిస్తే ఏమీ తేలదు, స్కానరే దిక్కు.

నా కారుకు బేరింగ్ మార్చిన మర్నాడే లైటు వచ్చింది. బేరింగ్ మార్చినచోటే మాడ్యూల్ మార్చాలన్నారు. తీరా చూస్తే బేరింగ్‌ను తిరగేసి బిగించారు. ఇప్పటి బేరింగ్‌లలో చాలావాటికి ఒక వైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది, సెన్సార్ చదివేది దాన్నే. అది అటు తిరిగితే సెన్సార్ గుడ్డిదే. కాబట్టి ఈ మధ్య ఏ పని చేయించారో గుర్తు తెచ్చుకోండి. బ్యాటరీ తీసి పెట్టాక ట్రాక్షన్ లైటు వస్తే, చాలా కార్లలో స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి కాస్త దూరం నడిపితే ఆరిపోతుంది.

నాలుగు సెన్సార్లూ, వాటి వైర్లూ, మాడ్యూల్‌కు వచ్చే కరెంటూ ఎర్తింగూ బాగుండి కూడా లైటు ఆరకపోతేనే మాడ్యూల్‌ను అనుమానించాలి. అప్పుడైనా సెకండ్ హ్యాండ్‌ది కొనేముందు కోడింగ్ (మీ కారుకు సరిపడేలా ప్రోగ్రామ్) చేసి, బ్రేకుల్లో గాలి తీసి ఇవ్వగలరా అని అడగండి.