ఇంజన్ బోరు చేయించాక ముందు నీళ్ళు పోయాలా, కూలెంట్ పోయాలా

ఇంజన్ దించి, లేత్‌లో బోరు కొట్టించి (సిలిండర్ లోపలి గోడల్ని కొంచెం కోయించి), ఓవర్‌సైజ్ పిస్టన్లు కొత్త రింగులు వేయించి మళ్ళీ బండిలో ఎక్కించాక అందరికీ వచ్చే డౌటే ఇది. మెకానిక్‌ని అడిగితే చాలామంది ఒకే మాట చెప్తారు, "ముందు నీళ్ళు పోసి వెయ్యి కిలోమీటర్లు తిప్పండి సార్, తర్వాత చూద్దాం" అని. ఇందులో సగం కరెక్టే. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నీళ్ళే పోయాలి, కానీ ఆ నీళ్ళు ఒకట్రెండు రోజులకి మించి ఇంజన్‌లో ఉండకూడదు. వెయ్యి కిలోమీటర్ల దాకా అసలే వద్దు.

నీళ్ళు ఎందుకంటే, కొత్తగా కట్టిన ఇంజన్‌లో ఎక్కడ లీకుంటుందో ఎవరికీ తెలీదు. హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగుని చదును చేయడం) సరిగ్గా రాకపోయినా, హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య వేసే గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయినా లోపలి నీళ్ళు ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతాయి. మామూలు నీళ్ళయితే ఇంజన్ ఆపేసి, లీకు బాగుచేసి, ఆయిల్ రెండుసార్లు మారిస్తే చాలావరకు బయటపడతాం. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ అలా కాదు, వేడికి ఆవిరైపోదు, ఆయిల్‌తో కలిసి జిగురులా తయారై నిన్నగాక మొన్న వేసిన బేరింగులని తినేస్తుంది. ఇంకోటి, బ్లాక్ సందుల్లో మిగిలిపోయిన తుప్పు పొడి, గ్యాస్కెట్ పేస్టు ముక్కలు ఆ మొదటి నీళ్ళతో కొట్టుకొచ్చేస్తాయి.

అయితే నీళ్ళు పోస్తే రింగులు బాగా సెట్ అవుతాయనే మాట మాత్రం నిజం కాదండి. రింగులు సెట్ అయ్యేది బోరు గోడ మీద హోనింగ్ గీతలకి (బోరు కొట్టాక రాయితో గీసే సన్న గీతలు) రాసుకుని, గ్యాస్ ప్రెషర్ వెనకనుంచి తోస్తేనే. రేడియేటర్‌లో ఏముందో రింగులకి తెలీదు, వాటికి కావాల్సింది ఇంజన్ త్వరగా మామూలు టెంపరేచర్‌కి వచ్చి అక్కడే నిలబడటం. అందుకే థర్మోస్టాట్ వాల్వ్ తీసి పక్కన పడేయకండి, దయచేసి. మన ఎండలకి అక్కర్లేదని తీసేస్తుంటారు, కానీ అది 82 డిగ్రీలో 88 డిగ్రీలో అయ్యేదాకా రేడియేటర్ వైపు దారి మూసి ఉంచేది ఇంజన్ త్వరగా వేడెక్కడానికే. అది లేకపోతే ఇంజన్ చల్లగానే నడుస్తుంది, పెట్రోల్ సరిగ్గా మండక గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, కొత్త బోరు ఊరికే అరిగిపోతుంది.

ఏ నీళ్ళు అంటే, బోర్‌వెల్ నీళ్ళు వద్దే వద్దు. వాటిలో కాల్షియం మెగ్నీషియం ఎక్కువ, వేడినీళ్ళ గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే పొర రేడియేటర్ గొట్టాల్లో కూడా కడుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చుకోండి, ఇంజన్‌కి పెట్టిన ఖర్చు ముందు అదెంత.

ఇక పని. ఆయిల్ పోశాక స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ కనెక్షన్ పీకేసి, పది పదిహేను సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా. అప్పుడు ప్లగ్గులు, కనెక్షన్ మళ్ళీ పెట్టేసి రేడియేటర్ నింపండి. బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా పెట్టి, హీటర్ ఫుల్ వేడి మీద ఉంచి, మూత తీసే ఉంచి మెల్లగా పోయండి, పై హోస్ పైపుని చేత్తో నొక్కుతూ ఉంటే గాలి బుడగలు బయటికొస్తాయి. గాలి లోపల ఉండిపోతే టెంపరేచర్ మీటర్ నార్మల్ చూపిస్తూనే హెడ్ కాలిపోవచ్చు. తర్వాత మూత పెట్టి స్టార్ట్ చేయండి, ఊరికే ఐడిల్‌లో వదిలేయకుండా 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య రేస్ మారుస్తూ ఉండండి. అంబాసిడర్ లాంటి పాత పుష్‌రాడ్ ఇంజన్‌లో కొత్త క్యామ్ (వాల్వులని కదిలించే షాఫ్ట్) వేస్తే 2000 పైనే ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి, కాబట్టి నీళ్ళ సంగతి ముందే చూసుకోవాలి. కానీ టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే ఏ ఇంజనైనా వెంటనే ఆపేయాలి.

రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూసి ఆపేయండి. టార్చ్ వేసి వాటర్ పంప్ కింద, క్లిప్పుల దగ్గర, సైలెన్సర్ మానిఫోల్డ్ వెనక ఉండే కోర్ ప్లగ్గుల (బ్లాక్ పక్కన కొట్టిన గుండ్రటి రేకు బిళ్ళలు) చుట్టూ చూడండి, వేలితో తడిమితే సన్న తడి తెలుస్తుంది (మానిఫోల్డ్ వైపు చల్లారాకే చెయ్యి పెట్టండి). మానిఫోల్డ్ చల్లారకముందే డిప్ స్టిక్ తీసి ఒక చుక్క ఆయిల్ దాని మీద వేయండి. మామూలు ఆయిల్ పొగ వదిలి ఊరుకుంటుంది, నీళ్ళు కలిస్తే చిటపటమంటుంది. మజ్జిగ రంగుకి తిరగకముందే ఈ చప్పుడు పట్టిస్తుంది. పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి నీళ్ళు తగ్గాయేమో చూసి, మూత లేకుండానే ఇంకోసారి స్టార్ట్ చేస్తే మొదట్లో వచ్చే గాలి పోయాక కూడా బుడగలు ఆగకుండా వస్తున్నాయంటే గ్యాస్కెట్ దగ్గర గ్యాస్ లీకవుతోందని.

అంతా బాగుంటే ఆ రోజో మర్నాడో ఒక చిన్న రౌండ్ తిప్పి మళ్ళీ చూసి నీళ్ళు తీసేయండి. నేను నా మారుతి 800కి మొదటిసారి ఇంజన్ చేయించినప్పుడు అలా తీయలేదు, వెయ్యి తిరగాక పోద్దాంలే అనుకుని ఆరు నెలలు బోర్‌వెల్ నీళ్ళతోనే తిప్పాను. పంప్ సీల్ కారుతోందని విప్పిస్తే పంప్ లోపలి ఫ్యాన్ రెక్కలు సగం తుప్పుకి పోయాయి, హోస్ పైపు లోంచి ఇటుక రంగు బురద వచ్చింది. అది చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ ఇంజన్ మీద పెట్టింది చిన్న డబ్బు కాదు. పాత బండ్లలో చాలావాటికి బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం, రెండు లోహాల మధ్య వట్టి నీళ్ళుంటే తుప్పు ఆగదు. డిస్టిల్డ్ వాటరైనా అంతే, తుప్పుని ఆపే మందు దాంట్లో ఉండదు.

మనకి మంచు పడదు కదా కూలెంట్ ఎందుకు అంటారు. నిజానికి వేడిని మోయడంలో వట్టి నీళ్ళే మెరుగు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 0.9 బార్ ప్రెషర్ పట్టే రేడియేటర్ మూతతో నీళ్ళు 119 డిగ్రీల దగ్గర మరిగితే సగం నీళ్ళు సగం కూలెంట్ కలిపింది 125 డిగ్రీల చుట్టూ మరుగుతుంది, మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడు ఆ తేడా పనికొస్తుంది. ఇక చికాగోలోనో మినియాపొలిస్‌లోనో గ్యారేజ్‌లో సొంతంగా ఇంజన్ కట్టుకునే మనవాళ్ళయితే చలికాలంలో నీళ్ళు ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు, గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, బ్లాక్ పగులుతుంది.

మార్చేటప్పుడు అందరూ తప్పేది లెక్కలో. రేడియేటర్ కింది ట్యాప్ తిప్పితే మొత్తం నీళ్ళు రావు, బ్లాక్‌లో, హీటర్‌లో ఉండిపోతాయి. ఉదాహరణకి సిస్టమ్ మొత్తం 4 లీటర్లనుకోండి, 2 లీటర్లే బయటికొచ్చాయి. ఇప్పుడు రెడీమిక్స్ (సగం నీళ్ళు ముందే కలిపి అమ్మే కూలెంట్) పోస్తే లోపల ఉండే అసలు కూలెంట్ 25 శాతమే. బ్లాక్ డ్రెయిన్ ప్లగ్ కూడా విప్పి పూర్తిగా తీయండి, లేదా ఆ 2 లీటర్లూ నీళ్ళు కలపని కాన్సన్‌ట్రేట్ పోయండి, సరిగ్గా 50 శాతం అవుతుంది. కాబట్టి తీసిన నీళ్ళని బకెట్‌లో పట్టి కొలవాలి. రంగు చూసి కూలెంట్ కొనకండి, పచ్చదైనా ఎర్రదైనా కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే తీసుకోండి, రెండు రకాలు కలపొద్దు. పోశాక గాలి మళ్ళీ తీయాలి, మొదటిసారి చేసినట్టే.

తర్వాత 500 కిలోమీటర్ల దాకా ఒకే స్పీడులో లాగకుండా, ఫుల్ లోడ్ వేయకుండా తిప్పి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. హెడ్ బోల్టులు మళ్ళీ బిగించాలా వద్దా అనేది గ్యాస్కెట్ రకాన్ని బట్టి ఉంటుంది, మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు. కూలెంట్ పోసేటప్పుడు కింద కారితే వెంటనే బాగా నీళ్ళు కొట్టి కడిగేయండి, తియ్యగా ఉంటుందని వీధికుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా చచ్చిపోతాయి.