చేత్తో కొడితే రన్ అవుతుంది, క్రాన్‌లో పెడితే అవ్వదు: ఎక్కడ వెతకాలి

స్క్రిప్ట్ టెర్మినల్‌లో కొడితే బ్రహ్మాండంగా నడుస్తుంది, క్రాన్‌లో (లైనక్స్‌లో చెప్పిన టైమ్‌కి పనులు నడిపే ప్రోగ్రామ్) పెట్టి పడుకుంటే పొద్దున బ్యాకప్ ఉండదు. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా స్క్రిప్ట్ ఓపెన్ చేసి కెలకడం మొదలెడతారు, అది వద్దు. అసలు ఆ టైమ్‌కి క్రాన్ జాబ్‌ని లేపిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. లేపకపోతే గొడవ షెడ్యూల్‌లో ఉన్నట్టు, లేపాక చచ్చిపోతే వేరే కథ.

ఉబుంటు, డెబియన్‌లో అయితే సిస్‌లాగ్‌లో (సిస్టమ్ ఏం చేసిందో రాసుకునే లాగ్ ఫైల్) క్రాన్ అని గ్రెప్ కొట్టండి, అంటే వెతకండి, రెడ్‌హ్యాట్ టైపు వాటిలో /var/log ఫోల్డర్ కింద క్రాన్ అనే ఫైలే విడిగా ఉంటుంది, ఆ ఫైళ్లు లేకపోతే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడొచ్చు. మీ కమాండ్ లైన్ అందులో కనపడలేదంటే క్రాన్ దాన్ని ముట్టుకోలేదనే.

ముట్టుకోకపోవడానికి మన దగ్గర ఎక్కువగా దొరికే కారణం టైమ్‌జోన్. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో ఉంటాయి, మీరు రాత్రి 2 గంటలకి అని 0 2 * * * (వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం; * అంటే ఏదైనా) పెడితే అది ఇక్కడ పొద్దున 7:30కి నడుస్తుంది. మన 2 గంటలకే కావాలంటే 30 20 * * * పెట్టాలి, అది యూటీసీ లెక్కలో ముందు రోజు కిందకొస్తుంది, తేదీ గానీ ఏ వారమో గానీ కూడా ఇచ్చుంటే అవీ ఒకరోజు వెనక్కి జరపాలి. ఇంకోటి, తేదీ, వారం రెండూ ఇస్తే రెండూ కలిసినప్పుడే నడుస్తుంది అనుకుంటారు, కాదు! 0 6 1 * 1 అంటే ప్రతి ఒకటో తారీఖూ నడుస్తుంది, ప్రతి సోమవారమూ నడుస్తుంది.

లాగ్‌లో లైన్ ఉంది, పని మాత్రం జరగలేదు అంటే నూటికి తొంభై పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల లిస్ట్) మీద అనుమానపడండి. మీరు లాగిన్ అయితే బాష్‌ఆర్‌సీ, ప్రొఫైల్ లాంటి మీ సెట్టింగ్ ఫైళ్లన్నీ లోడ్ అవుతాయి, క్రాన్ అవేవీ చదవదు, డెబియన్‌లో దానికి తెలిసిన పాత్ /యూఎస్ఆర్/బిన్, /బిన్ అంతే, షెల్ కూడా బాష్ కాదు మామూలు ఎస్‌హెచ్. మీరు /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టుకున్న నోడ్ దానికి కనపడదు. కాబట్టి ప్రతి కమాండ్‌కీ ఫుల్ పాత్ ఇవ్వండి, లేదా క్రాన్‌టాబ్ (జాబ్‌ల లైన్లు రాసే ఫైల్) పైన పాత్ లైన్ రాసేయండి. అక్కడ డాలర్ పాత్ ($PATH) అని రాస్తే క్రాన్ దాని బదులు అసలు లిస్ట్ పెట్టుకోదు, మొత్తం టైప్ చేయాల్సిందే.

ఎర్రర్ కళ్లతో చూడాలంటే లైన్ చివర >> పెట్టి లాగ్ ఫైల్ పేరు, ఆ తర్వాత 2>&1 (ఎర్రర్లూ అదే ఫైల్‌లోకి పంపమని). వరస మారిస్తే ఎర్రర్లు ఫైల్‌లోకి రావు. ఇది పెట్టకపోతే క్రాన్ అవుట్‌పుట్‌ని మెయిల్ చేయాలని చూస్తుంది, సర్వర్‌లో మెయిల్ సెటప్ లేకపోతే పారేస్తుంది. కమాండ్ ఆగాక ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 127 అయితే కమాండ్ దొరకలేదని, 126 అయితే దొరికింది కానీ రన్ చేసే పర్మిషన్ లేదని.

అన్నిటికన్నా చిరాకు పెట్టేది % గుర్తు. బ్యాకప్ ఫైల్ పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్ క్రాన్ లైన్‌లోనే రాస్తాం కదా, టెర్మినల్‌లో పర్ఫెక్ట్, కానీ క్రాన్‌కి % అంటే కొత్త లైన్, అక్కడికి కమాండ్ తెగిపోతుంది, మిగతాది ఇన్‌పుట్‌గా పోతుంది. మొదట చెప్పిన క్రాన్ లాగ్‌లో కమాండ్ సగంలో ఆగిపోయి కనపడిందంటే ఇదే. ప్రతి % ముందు \ పెట్టండి, లేదా ఆ లైన్ మొత్తం ఒక స్క్రిప్ట్‌లోకి మార్చి దాన్నే పిలవండి, నాకైతే రెండోదే ఇష్టం.

డెబియన్‌లో క్రాన్ డైలీ ఫోల్డర్ (అందులో పెట్టిన స్క్రిప్ట్‌లు రోజూ నడుస్తాయి) వాడేవాళ్లు మాత్రం ఆ స్క్రిప్ట్ పేరులో చుక్క పెట్టకండి, బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్ అని పెడితే ఆ ఫోల్డర్‌లోవి నడిపే రన్‌పార్ట్స్ కమాండ్ దాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. ఉత్త బ్యాకప్ అని పెట్టి, రన్‌పార్ట్స్‌కి టెస్ట్ ఆప్షన్ ఇచ్చి చూడండి, నడిచే వాటి లిస్ట్‌లో పేరు వస్తుంది.