బాక్సింగ్ తూకానికి ముందు

విశాఖ కుర్రాళ్లూ, పోటీలు దగ్గర పడ్డాయి.

– నీళ్లు మానేసి బరువు దించకండి. మన ఉక్కపోతలో చెమట ఎలాగూ ధారకడుతుంది. పైగా రెయిన్‌కోటు తొడుక్కుని బీచ్ రోడ్డులో పరుగెత్తితే ఒంట్లో నీరు, లవణాలు పడిపోతాయి. రింగులో కాళ్లు తేలిపోతాయి. అప్పుడు తలకు దెబ్బ తగిలితే మరీ ప్రమాదం.

– ఇంటి కాటాను నమ్మకండి. 2024 పారిస్ ఒలింపిక్స్ కుస్తీలో 100 గ్రాములు ఎక్కువై వినేశ్ ఫోగాట్ ఫైనల్‌కే దూరమైంది.

– మొదటి రోజు గట్టెక్కితే చాలదు. బౌటు (రింగులో పోరు) ఉన్న ప్రతి ఉదయమూ తూకమే.

– కింది బరువు తరగతికి దిగేముందు చేతుల పొడవు కొలవండి. సమాన బరువులో పొడగరి జాబ్‌తో, అంటే ముందు చేతి సూటి గుద్దుతో, దూరం నిలుపుతాడు. పొట్టివాడు లోపలికి చొరబడి పక్కటెముకలపై కొట్టాలి, దానికి ఊపిరి కావాలి. కడుపు మాడ్చుకున్నవాడికి అదెక్కడిది?

– తూకమయ్యాక ఓఆర్‌ఎస్, ఇడ్లీ. బిర్యానీ బౌటు తర్వాతే.