ఆయిల్ కూలర్ వేయించిన బండ్లకు ఎండాకాలం జాగ్రత్తలు: డబ్బా లెక్కన పోయకండి

పోయిన వారం నల్లగొండలో మా షెడ్డుకు ఒక డీజిల్ బండి రికవరీ వ్యాన్ మీద వచ్చింది. శ్రీశైలం డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాటు ఎక్కుతుంటే వెనక నీలం పొగ కమ్మిందట. యాక్సిలేటర్ మీద కాలు తీసినా ఇంజన్ రేజ్ తగ్గలేదు, తాళం తీసినా ఆగలేదు. చివరికి పట్టేసి దానంతట అదే ఆగింది. విప్పి చూస్తే బేరింగులు అరిగిపోయి, ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, అదే క్రాంక్, నల్లబడి ఉంది. బండి ఓనరు నాలుగు నెలల కింద ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది) వేయించాడు, బండి ఇలా ఆగడానికి ముందు వారమే ఆయిల్ మార్పించాడు. ఎంత పోయించావని అడిగితే, "కూలర్ ఏసిననాడు ఐదు లీటర్ల ఏడు వందలు పట్టిందన్నా, గందుకే గంతే పోయించిన" అన్నాడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. ఉగాది దాటితే నల్లమల అడవిలోని సలేశ్వరం జాతర కిరాయిలు, ఆ వెంటనే పెళ్లిళ్లు. ఏడుగురు పట్టే బండిలో పది మందిని ఎక్కించి ఏసీ వేస్తారు కాబట్టే ఈ మధ్య చాలామంది కూలర్ బిగించుకుంటున్నారు. మంచిదే. రేడియేటర్ నీళ్లు, బెల్టు, టైర్ల గాలి సంగతి అందరికీ తెలుసు, నేను చెప్పను. కూలర్ పెట్టాక ఆయిల్ ఎంత పోయాలి అన్నచోటే ఇంజన్లు పోతున్నాయి.

లెక్క చూడండి. మీ బండి మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి 5 లీటర్లు అని ఉందనుకుందాం. లోపల అరంగుళం బోరున్న గొట్టం మీటరుకు దాదాపు 125 మిల్లీలీటర్లు పడుతుంది. రానూపోనూ రెండు మీటర్లయితే పావు లీటరు. కూలర్ డబ్బా సైజును బట్టి ఇంకో 400, 500. మొత్తం 700 అనుకోండి.

మొదటిసారి కూలర్ బిగించిన రోజు అది ఖాళీగా ఉంటుంది. చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) 5 లీటర్లు పోసి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసి, ఫుల్ ఉందని పంపేస్తారు. బండి నడిచాక అందులోంచి 700 కూలర్‌లోకి వెళ్లిపోతుంది, చాంబర్‌లో అంత తగ్గుతుంది. డిప్‌స్టిక్ మీద కింది గీతకు, పై గీతకు మధ్య చాలా బండ్లలో ఉండేదే సుమారు ఒక లీటరు. అంటే ముప్పాతిక వంతు దిగిపోయినట్టే. ఘాటు మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు జరిగితే పంపు గాలి పీలుస్తుంది.

రెండోసారి తప్పు దీనికి తిరగబడుతుంది. డ్రైన్ బోల్టు తీస్తే చాంబర్‌లోదే దిగుతుంది. కూలర్‌లోది, గొట్టాల్లోది చాలావరకు అక్కడే ఉండిపోతుంది, ముఖ్యంగా కూలర్‌ను దాని యూనియన్లు (గొట్టాలు బిగించే జాయింట్లు) పైకి ఉండేలా బిగిస్తే. అప్పుడు 5.7 పోస్తే పై గీత దాటి 700 ఎక్కువైనట్టు. క్రాంక్ ఆ ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ పట్టిన ఆయిల్‌తో ప్రెషర్ నిలవదు, సీళ్లు కారతాయి. డీజిల్ బండికి ఇంకా ప్రమాదం. ఇంజన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపు గుండా ఆ ఆయిల్ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి వెళ్తే ఇంజన్ దాన్నే తాగి నడుస్తుంది. మా దగ్గరికొచ్చిన బండికి జరిగింది ఇదే.

కాబట్టి మొదటి రోజు 5 చాలదు, తర్వాత 5.7 ఎక్కువ. డబ్బా లెక్కన పోయకండి, డిప్‌స్టిక్ లెక్కన పోయండి.

ఎలాగంటే, పై గీతకు కొంచెం తక్కువ పోసి స్టార్ట్ చేసి, ఒక నిమిషం కింద పడుకుని కారుతోందేమో చూడండి. శాండ్‌విచ్ ప్లేట్‌లో (ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య బిగించి కూలర్ గొట్టాలు కలిపే ప్లేటు) థర్మోస్టాట్ ఉంటే షెడ్డులో ఐడ్లింగ్‌లో కూలర్ నిండదు. చాలా ప్లేట్లలో అది ఆయిల్ 80 డిగ్రీలకు అటూఇటూ చేరాకే తెరుచుకుంటుంది. ఒక లీటరు డబ్బా వెంట పెట్టుకుని పది, పదిహేను కిలోమీటర్లు తిప్పి రండి. చదును నేల మీద ఆపి, పది నిమిషాలు ఆగి, తుడిచి చూడండి. తగ్గినంత పోయండి. మర్నాడు ఇంకోసారి చూడండి.

ఆయిల్ ఎక్కువ పట్టింది కాబట్టి ఎక్కువ కిలోమీటర్లు నడపొచ్చని కొందరు చెబుతారు. నమ్మకండి. ఆ 700 పాత ఆయిలే, మొత్తంలో ఎనిమిదో వంతు. కొత్తది పోసిన రోజే నల్లబడిందని కంగారు పడనక్కర్లేదు గానీ, గడువు మాత్రం పెంచొద్దు. దుమ్ములో, లోడుతో తిరిగే బండికి మాన్యువల్లోనే తక్కువ గడువు రాసి ఉంటుంది.

ఇంకొన్ని.

కూలర్ ఖాళీ చేయడానికి డ్రైన్ బోల్టు తీసి సెల్ఫ్ కొట్టేవాళ్లున్నారు. కొట్టనివ్వకండి.

పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ప్లేటుకే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు జారి నిమిషంలో ఆయిలంతా రోడ్డు పాలు.

కూలర్‌కు నీళ్ల గొట్టం, డీజిల్ గొట్టం వాడొద్దు.

గొట్టం సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దగ్గరగా పోవద్దు. చాసిస్‌కు రాసుకోవద్దు.

బేరింగు పోయి ఇంజన్ పని చేయించిన బండికి పాత కూలర్ మళ్లీ బిగించొద్దు. సందుల్లో ఇరుక్కున్న ఇనుప రజను ఎంత కడిగినా పోదు. డబ్బులు చూసుకుంటే కొత్త బేరింగులూ పోతాయి.

ఆయిల్ పై గీత దాటి ఎక్కువైతే, ఎక్కువైనంత తీసేయండి. "కాలిపోతుందిలే" అనొద్దు.

ఆయిల్ లైటు వెలిగితే పక్కకు తీసి ఆపేయండి. దాబా వరకు పోనిద్దాం అనుకోవద్దు.

డీజిల్ ఇంజన్ దానంతట అదే రేజ్ అవుతుంటే, గేరు బండి అయితే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్ వదిలి ఆపండి. మనుషుల్ని ముందు దింపండి, ముందుకెళ్లి బానెట్ ఎత్తొద్దు.

మెకానిక్ "అన్నా, ఎంత పోయాలె?" అని మిమ్మల్నే అడిగితే అంకె చెప్పొద్దు. డిప్‌స్టిక్ చూపించండి.

సలేశ్వరం పోయేవాళ్లు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఎలాగూ ఆగుతారు. చాయ్ తాగే ముందు బంపర్ కింద ఒకసారి వంగి చూడండి, గొట్టం యూనియన్ తడిగా ఉంటే అడవిలోకి పోనివ్వకుండా వెనక్కి తిప్పండి.