కెమెరాలో రాత్రిళ్లే కనిపించే మగజింకను వెలుతురుండగా చూడాలంటే ఎలా?

అమెరికాలోని పెన్సిల్వేనియా కొండల్లో తెల్లతోక జింకల వేటకు దిగిన ప్రతివాడికీ ఇది అనుభవమే. చెట్టుకు కట్టిన ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసేది) కార్డు తీసి చూస్తే, పెద్ద కొమ్ముల మగజింక దర్జాగా నిలబడి ఉంటుంది. కింద టైము చూస్తే రాత్రి ఒంటిగంటా పది. పది రోజుల తర్వాత చూసినా అదే కథ. ‘ఇది రాత్రిదొంగ, మనకు చిక్కదు’ అనుకుని నేనూ రెండు సీజన్లు వదిలేశాను.

అసలు సంగతేమిటంటే, జింక పగలంతా కదలకుండా పడుకోదు. నెమరువేసే జంతువు కదా, మధ్యమధ్యలో లేచి, ఒళ్లు విరుచుకుని, దగ్గర్లో నాలుగు ఆకులు కొరికి మళ్లీ పడుకుంటుంది. పొద్దు వాలాక మెల్లగా బయల్దేరుతుంది. మన కెమెరా దాకా వచ్చేసరికి రాత్రవుతుంది, అంతే. కాబట్టి మనం మార్చుకోవాల్సింది చోటు. వేళ మార్చుకునే వీలు ఎలాగూ లేదు: సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే ఇక్కడ జింకల వేటకు అనుమతి. రాత్రి లైటు వేసి కొట్టడం నేరం.

ముందుగా కాగితాలు

మొదటిసారి వేటకెళ్లేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి లైసెన్సు తీసుకోవాలి. హెచ్1బీ లాంటి వీసాల మీదున్న మనవాళ్లకు ఇంకో మాట. నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాదారుల దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. లైసెన్సు చేతికి రాకముందే స్నేహితుడి రైఫిల్ పట్టుకుని ఫొటో దిగే సరదా వద్దు. అనుమానముంటే లాయర్ని అడగండి. ఇండియాలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని వేటాడటమే నేరం, ఈ విద్య అక్కడ ప్రయోగించకండి.

ఫొటోలను వెనక్కి చదవండి

ఫొటోలో కొమ్ములు కాదు, జింక ఎటు నుంచి వస్తోందో చూడండి. పొలం గట్టున ఒంటిగంటకు, వాగు దాటే చోట తొమ్మిదింటికి కనిపించిందంటే, పడక ఆ వాగుకు అవతలే ఎక్కడో ఉంది. కెమెరాను నూరు గజాల చొప్పున అటు జరుపుతూ పోండి. ఫొటో టైము సాయంత్రం వైపు జరుగుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

పడకను వెతకండి, కానీ ఇప్పుడు కాదు

ఈ పని సీజన్ అయిపోయాక, ఫిబ్రవరి, మార్చిల్లో చేయాలి. ఆకు రాలిపోయి ఉంటుంది, జాడలు బాగా తెలుస్తాయి. మనం తొక్కిన చోటును జింక మళ్లీ నమ్మడానికీ బోలెడు నెలలుంటాయి. కొండల్లో ముసలి మగజింక ఎక్కువగా శిఖరానికి కొంచెం కింద, గాలి మరుగున పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేది గాలి మోసుకొచ్చే వాసనతో ముక్కుకు తెలుస్తుంది, ముందు లోయంతా కంటికి కనిపిస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోయిన ఆకులు, పెంటికలు, కొమ్ములు రుద్ది బెరడు లేపిన చెట్లు గుర్తులు. బెరడు ఏ పక్క లేచిందో చూస్తే జింక ఎటు నుంచి నడిచి వచ్చిందో పోల్చుకోవచ్చు.

గాలి

అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. గాలి మీ వైపు నుంచి పడక వైపు వీస్తుంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి, కారప్పూస తింటూ. వాతావరణం యాప్ ‘పడమటి గాలి’ అన్నంత మాత్రాన సరిపోదు. నేల వేడెక్కేకొద్దీ పొద్దున గాలి కొండ పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడి లోయలోకి దిగుతుంది. ఒకసారి నేను గాలివాటు అంతా సరిచూసుకుని, పడకకు ఎగువన కూర్చున్నాను. పొద్దు గుంకగానే నా వాసన మెత్తగా కిందికి జారింది. పొదలోంచి ఒక బుస వినిపించింది, తెల్లతోక లేచింది, మూడు వారాలు మళ్లీ కనిపించలేదు. జేబులో చిన్న టాల్కం పౌడర్ సీసా పెట్టుకుని, అప్పుడప్పుడు చిటికెడు వదిలి అది ఎటు పోతోందో చూడండి. వచ్చే దారి, పోయే దారి కూడా ఈ లెక్కలోవే.

మంచె ఎక్కడం

పడకకు మరీ ఆనుకుని కాకుండా, వెలుతురు పోయేలోపు జింక రాగల దూరంలో చెట్టుకు మంచె కట్టండి. నేల మీద ఉండగానే, పడిపోకుండా మిమ్మల్ని చెట్టుకు పట్టి ఉంచే బెల్టులు బిగించి, దిగేదాకా విప్పకండి. తుపాకీని తాడుతో పైకి లాక్కోవాలి, అదీ ఖాళీ చేసి. మొదటిసారి కూర్చున్న రోజే అవకాశం ఎక్కువ, రోజూ వెళ్తే జింకకే మన టైంటేబుల్ తెలిసిపోతుంది.

ఏ రోజు?

నవంబరు నడుమ ఎదకాలం. పగటి పొడవు తగ్గడమే దానికి సంకేతం. ఆడజింకల వెంట తిరిగే మగది మిట్టమధ్యాహ్నం కూడా కనిపిస్తుంది, కాబట్టి పదింటికి దిగిపోకుండా టిఫిన్ బాక్సు వెంట తెచ్చుకోండి. రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం వచ్చే పండగ) తర్వాతి శనివారం మొదలవుతుంది. అప్పుడు తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట ఉండాలి. జింక కంటికి ఆ రంగు కొట్టొచ్చినట్టు కనిపించదు, తోటి వేటగాడికి కనిపిస్తుంది. చాలా ప్రాంతాల్లో ఒక కొమ్ముకు కనీసం మూడు మొనలు లేని మగజింకను పెద్దలు కొట్టకూడదు. మసక వెలుతురులో మొనలు లెక్కకు రాకపోతే వదిలేయండి.

దెబ్బ తగిలాక వెంటనే పరుగెత్తకండి. కనీసం అరగంట ఆగండి. పొట్టలో తగిలిందని అనుమానమైతే ఇంకా చాలా గంటలు ఆగాలి, లేదంటే పడుకున్న జింక లేచి మైళ్లు పోతుంది. రక్తం ఆఖరిగా కనిపించిన చోట కొమ్మకు టిష్యూ కాగితం కట్టి, తర్వాతి చుక్క కోసం వెతకండి.